పోర్ట్-ఛానల్ ‘అప్’ అంటే సరిపోదు: మార్పు చేశాక లింక్ అగ్రిగేషన్‌ను పరీక్షించే పద్ధతి

రెండు పరికరాల మధ్య కొన్ని కేబుళ్లను కలిపి ఒకే లింకుగా వాడటమే లింక్ అగ్రిగేషన్. అలా కట్టిన లింకును పోర్ట్-ఛానల్, బండిల్, ల్యాగ్ అంటారు, అందులోని ఒక్కో పోర్టు దాని మెంబర్. నాలుగు కేబుళ్లు కలిపి కట్టిన పోర్ట్-ఛానల్‌లో మూడు పడిపోయి ఒక్కటే మిగిలినా స్విచ్ దాన్ని ‘అప్’ అనే చూపిస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. కనీసం ఎన్ని మెంబర్లు ఉండాలో మనం చెప్పకపోతే ఒక్కటి ఉన్నా చాలనేదే దాని లెక్క. మార్పు చేసిన ఇంజనీరు మాత్రం ఆ ఒక్క మాట చూసి టికెట్ మూసేసి చేతులు దులుపుకుంటాడు.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల నుంచి ఇలాంటి మార్పులు చాలావరకు ఆదివారం పొద్దున జరుగుతాయి. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి 10 గంటలంటే ఇక్కడ ఆదివారం ఉదయం 7.30, అక్కడి చలికాలంలో అయితే 8.30. అప్పుడు రెండు దేశాల్లోనూ ఆఫీసులు ఖాళీ. ఖాళీ నెట్‌వర్క్ మీద ఏం చేసినా బాగున్నట్టే కనిపిస్తుంది. సోమవారం 11 గంటలకు ఫోన్లు మొదలవుతాయి: అప్లికేషన్ కొందరికి తెరుచుకుంటోంది, కొందరికి తెరుచుకోవడం లేదు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికే ఇబ్బంది. బండిల్‌లో ఒక మెంబర్ చెడినప్పుడు కనిపించే లక్షణం సరిగ్గా ఇదే. అది ఎందుకొస్తుందో తెలిస్తే, ఆదివారం నాడే దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

స్విచ్ మీద లైటు ఆకుపచ్చగా వెలగడం కేబుల్ సంగతి. ఆ పోర్టు బండిల్‌లో చేరడం రెండు పరికరాల మధ్య కుదిరిన ఒప్పందం సంగతి. చేరిన పోర్టు మీద ట్రాఫిక్ అటూ ఇటూ నిజంగా పోవడం ఇంకో సంగతి. మొదటిది బాగుంది కాబట్టి మిగతావీ బాగున్నట్టే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. ర్యాక్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఫోన్‌లో ‘అన్నా, నాలుగింటికీ గ్రీన్ లైటే ఉంది’ అంటే తప్పు చెప్పినట్టు కాదు. మీరడిగిన దాంట్లో కేబుల్ ముక్కకు మాత్రమే జవాబు చెప్పాడు. అమీర్‌పేట ల్యాబుల్లోనూ రెండు స్విచ్‌లు కలిపి, స్విచ్ చూపే సమ్మరీలో రెండు ‘పీ’లు (బండిల్‌లో చేరిన పోర్టుకు గుర్తు) కనపడగానే తర్వాతి టాపిక్‌కు వెళ్లిపోతారు. కోర్సుకు అది చాలు, చేంజ్ విండోకు, అంటే మార్పులకు కేటాయించిన సమయానికి, చాలదు.

ముట్టుకోకముందు

ముందు ఎలా ఉందో రాసిపెట్టుకోకపోతే, తర్వాత కనిపించిన లోపం మనం తెచ్చిందో పాతదో తేలదు. మూడు నెలలుగా ఒక మెంబర్ సస్పెండ్‌లోనే (స్విచ్ పక్కన పెట్టిన స్థితిలో) ఉండి ఎవరూ చూడకపోవడం అరుదేమీ కాదు. కాబట్టి మార్పుకు ముందు రెండు చివర్లలోనూ ఈథర్‌ఛానల్ (పోర్ట్-ఛానల్‌కు సిస్కో పేరు) సమ్మరీ, ఎల్‌ఏసీపీ (బండిల్ కట్టడానికి రెండు చివరలు మాట్లాడుకునే ప్రోటోకాల్) నైబర్, ట్రంక్ (పలు వీల్యాన్లను, అంటే విడదీసిన నెట్‌వర్క్‌లను, మోసే లింకు) స్థితి, స్పానింగ్ ట్రీ (లూప్‌లు రాకుండా ఆపేది), ఎల్‌ఎల్‌డీపీ (అవతలి పరికరం, పోర్టు పేరు చెప్పేది) నైబర్లు, మెంబర్ పోర్టుల కౌంటర్లు, ఫైబర్ అయితే ట్రాన్సీవర్ (ఫైబర్ మాడ్యూల్) పవర్ ఫైల్‌లో దాచుకోవాలి. సర్వర్ టీమ్ వేరే అయినా, అవతలి స్విచ్ క్లయింట్ చేతిలో ఉన్నా, ఆ చివర అవుట్‌పుట్ అడిగి తెప్పించుకోవాల్సిందే. ఒక చివర మాత్రమే చూసి ల్యాగ్ బాగుందని చెప్పే మార్గం లేదు.

గడియారాలు కూడా చూడండి. ఒక స్విచ్ యూటీసీలో, ఇంకోటి మన సమయంలో ఉంటే రెండు లాగ్‌ల మధ్య 5 గంటల 30 నిమిషాల తేడా ఉంటుంది. ఆ తేడాతో ‘ముందు ఏ వైపు పడింది’ అన్నది తేల్చడం తలనొప్పి.

స్విచ్‌లోకి మీరు లాగిన్ అయ్యే మేనేజ్‌మెంట్ ట్రాఫిక్ అదే పోర్ట్-ఛానల్ మీదుగా వస్తుంటే, మీరు కూర్చున్న కొమ్మనే నరుకుతున్నారని లెక్క. కన్సోల్ దారి (నెట్‌వర్క్‌తో పని లేకుండా స్విచ్‌లోకి నేరుగా వెళ్లే మార్గం) ముందే సిద్ధంగా ఉండాలి, లేకపోతే వెనక్కి తిరిగే టైమర్ పెట్టాలి. జూనిపర్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఇస్తే, మళ్లీ కమిట్ చేయని పక్షంలో 10 నిమిషాల్లో పాత కాన్ఫిగ్ దానంతటదే వచ్చేస్తుంది. సిస్కో ఐఓఎస్‌లో ఆర్కైవ్ పెట్టి ఉంటే ‘కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 10’ అదే పని చేస్తుంది. పని బాగా జరిగితే ‘కాన్ఫిగర్ కన్ఫర్మ్’ ఇవ్వాలి. ఇవేవీ లేని పాత పెట్టెల మీద ‘రీలోడ్ ఇన్ 10’ అనే మొరటు పద్ధతి ఉండనే ఉంది, కాకపోతే ఆ పది నిమిషాల్లో కాన్ఫిగ్ సేవ్ చేయకూడదు.

కాలు జారే ఇంకో చోటు, మార్పు ఎక్కడ రాయాలన్నది. సిస్కోలో పోర్టులు బండిల్‌లో చేరాక వీల్యాన్లు, ట్రంక్ మోడ్ వంటివి పోర్ట్-ఛానల్ ఇంటర్‌ఫేస్ మీదే మార్చాలి. అక్కడ రాసింది మెంబర్లకు దిగుతుంది. నేరుగా ఒక మెంబర్ మీద రాస్తే అది మిగతావాటితో సరిపోలక సస్పెండ్ అవుతుంది. లాగ్‌లో ‘క్యానాట్ బండిల్ 2’ అనే సందేశం వస్తుంది, చివర్లో ‘వీల్యాన్ మాస్క్ ఈజ్ డిఫరెంట్’ అంటూ కారణం కూడా చెబుతుంది. ఆ చివరి ముక్క చదవకుండా పోర్టును షట్, నో షట్ (మూసి మళ్లీ తెరవడం) కొడుతూ కూర్చునేవాళ్లే ఎక్కువ. ఇక ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40’ అని ‘యాడ్’ లేకుండా కొడితే 40 చేరదు, మిగతావన్నీ పోయి 40 ఒక్కటే మిగులుతుంది. పోర్ట్-ఛానల్ అప్, మెంబర్లన్నీ ‘పీ’, ఎల్‌ఏసీపీ నిక్షేపంగా ఉంటుంది. ఒక్క వీల్యాన్ తప్ప ఏదీ దాటదు. అందుకే సమ్మరీ తర్వాత చూడాల్సింది ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’. అందులో అలౌడ్ వరుస ఒక్కటే చూసి ఆగకుండా, అడుగున స్పానింగ్ ట్రీ ఫార్వర్డింగ్‌లో ఉన్న వీల్యాన్ల వరుస దాకా చదవాలి.

సమ్మరీలో అక్షరాలు

సిస్కో స్విచ్‌లలో క్యాటలిస్ట్ మీద ‘షో ఈథర్‌ఛానల్ సమ్మరీ’, నెక్సస్ మీద ‘షో పోర్ట్-ఛానల్ సమ్మరీ’. ఒక వరుస ఇలా ఉందనుకోండి: గ్రూప్ 10, పీఓ10 (పోర్ట్-ఛానల్ 10) పక్కన ‘ఎస్‌యూ’, ప్రోటోకాల్ ఎల్‌ఏసీపీ, జీఐ1/0/23 (ఒక గిగాబిట్ పోర్టు) పక్కన ‘పీ’, జీఐ1/0/24 పక్కన చిన్న ‘ఎస్’. పీఓ10 పక్కనున్న పెద్ద ‘ఎస్’ అంటే లేయర్ 2 (మ్యాక్, అంటే హార్డ్‌వేర్ అడ్రసులతో నడిచేది), ‘యూ’ అంటే వాడుకలో ఉందని. 24వ పోర్టు పక్కనున్న చిన్న ‘ఎస్’ అంటే సస్పెండ్. ఉదయం పూట కాఫీ పడకముందు ఈ రెండు ‘ఎస్’లూ ఒకేలా కనిపిస్తాయి. పెద్దది ఆరోగ్యం, చిన్నది జబ్బు.

‘పీ’ అంటే బండిల్‌లో చేరింది. చిన్న ‘డబ్ల్యూ’ అంటే చేరడానికి ఎదురుచూస్తోంది, కొన్ని సెకన్లలో మారాలి. అక్కడే ఉండిపోతే అవతలి వైపు చూడాలి. ‘హెచ్’ అంటే హాట్ స్టాండ్‌బై. చాలా క్యాటలిస్ట్ మోడళ్లలో ఒక ఎల్‌ఏసీపీ గ్రూప్‌లో 16 పోర్టులు పెట్టొచ్చు గానీ 8 మాత్రమే పని చేస్తాయి, మిగతావి ‘హెచ్’లో కూర్చుంటాయి. అది లోపం కాదు. ‘డీ’ అంటే కేబులో ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూలో చూసుకోవాలి. పెద్ద ‘ఐ’ని తేలిగ్గా తీసుకోవద్దు: పోర్టు బండిల్‌తో సంబంధం లేకుండా విడిగా నడుస్తోందని దానర్థం. అవతలి నుంచి ఎల్‌ఏసీపీ మాట రాకపోతే కొన్ని ప్లాట్‌ఫామ్‌లు పోర్టును ఇలా విడిగా వదిలేస్తాయి, కొన్ని సస్పెండ్ చేస్తాయి. నెక్సస్ మామూలుగా సస్పెండే చేస్తుంది. విడిగా వదిలితే స్పానింగ్ ట్రీలో పీఓ10 బదులు విడి పోర్టుల పేర్లు కనిపిస్తాయి. లూప్ తప్పించడానికి అది ఒకదాన్ని బ్లాక్ చేస్తుంది. పని నడుస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు.

ఇంకో చిన్న చూపు: ‘షో ఇంటర్‌ఫేస్ పోర్ట్-ఛానల్ 10’లో బ్యాండ్‌విడ్త్ అంకె. నాలుగు గిగాబిట్ మెంబర్లుంటే 4000000 కేబిట్ ఉండాలి. 3000000 ఉంటే సమ్మరీ తెరవకముందే సంగతి తెలిసిపోతుంది.

అవతలివాడు ఏమంటున్నాడు

2000లో 802.3ఏడీగా వచ్చి, 2008లో 802.1ఏఎక్స్ కిందికి మారిన ఈ ప్రమాణంలో అసలు విలువంతా ఎల్‌ఏసీపీ సందేశాల్లోనే ఉంది. ప్రతి పోర్టూ తన సిస్టమ్ ఐడీ, కీ (ఏ పోర్టులు కలవొచ్చో చెప్పే అంకె), పోర్టు నంబరు, స్థితి చెబుతూ, అవతలివాడి గురించి తనకు తెలిసింది కూడా తిరిగి అప్పజెబుతుంది. అంటే ఇవతల కూర్చునే, అవతలి పోర్టు ఏ స్థితిలో ఉందో, మన గురించి అది ఏమనుకుంటోందో చదవొచ్చు. ఇంత మంచి సమాచారం చేతిలో ఉన్నా చాలామంది సమ్మరీ దాటి రారు.

స్థితి ఒకే ఒక అంకె. అందులో ఎనిమిది బిట్లుంటాయి: యాక్టివిటీకి 1, టైమౌట్‌కు 2, అగ్రిగేషన్‌కు 4, సింక్రనైజేషన్‌కు 8, కలెక్టింగ్‌కు 16, డిస్ట్రిబ్యూటింగ్‌కు 32, డిఫాల్టెడ్‌కు 64, ఎక్స్‌పైర్డ్‌కు 128. యాక్టివ్ మోడ్‌లో, నిదానపు టైమర్‌తో అంతా బాగున్న పోర్టు 1, 4, 8, 16, 32 కలిపి 61 చూపిస్తుంది. వేగపు టైమర్ అయితే ఇంకో 2 కలిసి 63. సిస్కో ఇదే అంకెను హెక్సాడెసిమల్‌లో 3డీ, 3ఎఫ్ అని చూపిస్తుంది. ఈ నాలుగు రూపాలు గుర్తుంటే సగం పని అయినట్టే.

తేడా వచ్చినప్పుడు ఏ బిట్ లేదో, ఏ బిట్ అదనంగా ఉందో చూడాలి. 69 అంటే 64, 4, 1: అవతలి నుంచి ఒక్క సందేశమూ రాలేదు, ఏదో ఊహించుకుని కూర్చున్నాను అని అర్థం. వేగపు టైమర్‌తో అదే 71. లినక్స్ సర్వర్‌లో ప్రాక్ కింద బాండింగ్ ఫైల్ తెరిస్తే ఈ అంకెతో పాటు పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్ అన్నీ సున్నాలుగా కనిపిస్తుంది. రూట్ యూజర్‌గా తెరవాలి, లేకపోతే చాలా డిస్ట్రోల్లో ఎల్‌ఏసీపీ వివరాలే కనిపించవు. 5 అంటే మాటలు నడుస్తున్నాయి గానీ సింక్ కుదరలేదు, ఈ పోర్టును ఈ బండిల్‌లో కలపడానికి ఒప్పుకోవడం లేదు. 13 అంటే సింక్ వరకు వచ్చి ఆగింది. మన అంకెలో 8 లేకపోతే లోపం మన కాన్ఫిగ్‌లో వెతకాలి, పార్ట్‌నర్ అంకెలో లేకపోతే అవతలివాళ్లకు ఫోన్ చేయాలి. ఎవరిది తప్పన్న వాదన రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

జూనిపర్‌లో ‘షో ఎల్‌ఏసీపీ ఇంటర్‌ఫేసెస్’ ఇదే సంగతిని మాటల్లో చెబుతుంది: రిసీవ్ స్టేట్ ‘కరెంట్’, మక్స్ స్టేట్ ‘కలెక్టింగ్ డిస్ట్రిబ్యూటింగ్’ ఉంటే మంచిది. ‘డిఫాల్టెడ్’, ‘డిటాచ్డ్’ కనిపిస్తే కాదు.

అంకెల తర్వాత చూడాల్సింది పార్ట్‌నర్ సిస్టమ్ ఐడీ. ఒకే బండిల్‌లోని మెంబర్లన్నింటికీ అది ఒక్కటే ఉండాలి. సర్వర్ నుంచి రెండు కేబుళ్లు రెండు విడి స్విచ్‌లకు వెళ్లి, ఆ స్విచ్‌లు స్టాక్‌గానో వీపీసీగానో (రెండు స్విచ్‌లను ఒకటిగా చూపే పద్ధతులు) కట్టి లేకపోతే రెండు వేర్వేరు ఐడీలు వస్తాయి. లినక్స్‌లో రెండు పోర్టులకు వేర్వేరు అగ్రిగేటర్ ఐడీలు పడతాయి, వాటిలో ఒకటే పని చేస్తుంది. లింకులు రెండూ అప్, బాండ్ అప్, కానీ సగం సామర్థ్యం వృథా. కేబుల్ పొరపాటున పక్క బండిల్ పోర్టులో దూరినా ఇక్కడే పట్టుబడుతుంది. ఎల్‌ఎల్‌డీపీ ఒక్కో మెంబర్ మీద విడిగా నడుస్తుంది కాబట్టి, అది చెప్పే అవతలి పోర్టు పేరుతో సరిచూస్తే ఏ కేబుల్ ఎక్కడికెళ్లిందో తేలుతుంది.

నైబర్ ఏమీ చూపకపోతే ‘షో ఎల్‌ఏసీపీ కౌంటర్స్’ రెండుసార్లు కొట్టండి. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే నిదానపు టైమర్‌లో సందేశం 30 సెకన్లకు ఒకటే వెళ్తుంది. పంపినవి పెరుగుతూ వచ్చినవి కదలకపోతే అవతల ఎల్‌ఏసీపీ లేదు, లేదా మధ్యలో ఎవరో తినేస్తున్నారు. రెండూ కదలకపోతే రెండు వైపులా పాసివ్ పెట్టి ఉంటారు. ఎవరూ ముందు నోరు విప్పరు, బండిల్ ఎప్పటికీ ఏర్పడదు. రెండు వైపులా యాక్టివ్ పెట్టేస్తే ఈ బెడదే ఉండదు.

టైమర్ గురించి ఒక అపోహ ఉంది. ఒకవైపు వేగం, ఇంకోవైపు నిదానం ఉంటే బండిల్ కట్టదని చాలామంది అనుకుంటారు. కడుతుంది. టైమర్ అంటే ‘నాకు ఇంత వేగంగా పంపు’ అని అవతలివాడిని అడగడమే. వేగపు టైమర్ అడిగినవాడు సెకనుకొక సందేశం ఎదురుచూసి, 3 సెకన్లు రాకపోతే మెంబర్‌ను తీసేస్తాడు. నిదానం అడిగినవాడు 90 సెకన్లు ఆగుతాడు. పొసగకపోతే, తెగిన సంగతి ఒకవైపు 3 సెకన్లలో, ఇంకోవైపు చాలా ఆలస్యంగా తెలిసే అవకాశం ఉంటుంది. కాబట్టి రెండూ ఒకటే ఉంచడం మంచిది. అలాగని అన్నిచోట్లా వేగం పెట్టేయడం తెలివైన పని కాదు. స్విచ్ సీపీయూ కాసేపు ఊపిరాడకుండా ఉన్నా, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో కంట్రోల్ ప్లేన్ కొన్ని సెకన్లు ఆగినా, బాగున్న లింకులు కూడా పడిపోతాయి.

మోడ్ ఆన్ ఉన్నచోట

స్టాటిక్ బండిల్‌లో, అంటే సిస్కో భాషలో మోడ్ ‘ఆన్’లో, పైన చెప్పింది ఏదీ లేదు. సందేశాలు లేవు, పార్ట్‌నర్ లేడు. ‘పీ’ కనపడటం అంటే కేబుల్‌లో సిగ్నల్ ఉందనే. ఒకవైపు ఆన్, ఇంకోవైపు బండిలే కట్టని విడి పోర్టులు ఉన్నా ఇవతల అంతా పచ్చగానే ఉంటుంది. అవతలి స్విచ్‌లో మాత్రం ఒకే మ్యాక్ అడ్రస్ రెండు పోర్టుల మధ్య దూకుతూ మ్యాక్ ఫ్లాప్ లాగ్‌లు పడతాయి. క్యాటలిస్ట్‌లో ఈథర్‌ఛానల్ గార్డ్ దీన్ని పసిగడితే పోర్టులను ‘ఛానల్ మిస్‌కాన్ఫిగ్’ కారణంతో ఎర్-డిసేబుల్ చేస్తుంది, అంటే మూసేస్తుంది. అది శిక్షలా కనిపిస్తుంది గానీ నిజానికి మేలే.

ఎల్‌ఏసీపీ వాడగలిగిన చోట ఆన్ పెట్టడానికి కారణం లేదు. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్‌లోని స్టాండర్డ్ స్విచ్ ఒక మినహాయింపు, దానికి ఎల్‌ఏసీపీ రాదు. అక్కడ భౌతిక స్విచ్ మీద మోడ్ ఆన్, ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ సర్వర్) వైపు ‘రూట్ బేస్డ్ ఆన్ ఐపీ హ్యాష్’ రెండూ కలిసి ఉండాలి. ఎల్‌ఏసీపీ కావాలంటే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ఉండాలి.

ట్రాఫిక్ నిజంగా పోతోందా

సోమవారం ‘కొందరికి మాత్రం’ సమస్యకు వేరు ఇక్కడుంది. బండిల్ ప్యాకెట్లను వంతులవారీగా పంచదు. ప్యాకెట్ హెడర్‌లోని కొన్ని వివరాలతో హ్యాష్ (అవే వివరాలకు ఎప్పుడూ అదే ఫలితమిచ్చే అంకె) లెక్కగట్టి, ఆ ఫలితాన్ని బట్టి ఒక మెంబర్‌ను ఎంచుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డుకు ఎనిమిది లేన్లున్నా ఒక లారీ ఒక లేన్‌లోనే పోయినట్టు, ఒక ఫ్లో (ఒక జంట మధ్య నడిచే ఒకే సంభాషణ) మొత్తం ఒకే కేబుల్ మీద పోతుంది. ప్యాకెట్ల వరుస చెడకూడదనే ఈ ఏర్పాటు. నాలుగు గిగాబిట్ లింకులున్నా ఒక్క టీసీపీ కనెక్షన్‌తో బ్యాకప్ తీస్తే సుమారు 940 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. అది కాన్ఫిగ్ లోపం కాదు, ఎంత తవ్వినా ఏమీ దొరకదు.

దీని వల్ల పరీక్షకు సంబంధించి వచ్చే అసలు విషయం ఇది: పింగ్ ఒక్క ఫ్లో. మీ ల్యాప్‌టాప్ నుంచి ఒక సర్వర్‌కు వెయ్యి పింగ్‌లు కొట్టినా అన్నీ ఒకే మెంబర్ మీద పోతాయి. మిగతా మూడు మెంబర్లను మీరు ముట్టుకోనే లేదు. వాటిలో ఒకటి చెడి ఉంటే, దాని వంతుకు పడ్డ యూజర్లకే ఇబ్బంది వస్తుంది. కాబట్టి ఒకే వీల్యాన్‌లో పది, పదిహేను వేర్వేరు అడ్రసులకు, వీలైతే రెండు మూడు మూలాల నుంచి పింగ్ కొట్టాలి. ఏ జంట ఏ పోర్టు మీద పోతుందో స్విచ్‌నే అడగొచ్చు. చాలా క్యాటలిస్ట్‌లలో ‘టెస్ట్ ఈథర్‌ఛానల్ లోడ్-బ్యాలెన్స్’కు పోర్ట్-ఛానల్, రెండు ఐపీలు ఇస్తే ఫలానా పోర్టు అని చెబుతుంది. నెక్సస్‌లో ‘షో పోర్ట్-ఛానల్ లోడ్-బ్యాలెన్స్ ఫార్వర్డింగ్-పాత్’ అదే పని చేస్తుంది. ప్రతి మెంబర్‌కూ కనీసం ఒక జంట దొరికేదాకా అడ్రసులు మార్చి చూసుకుని, ఆ జంటలతో పింగ్ చేస్తే బండిల్ మొత్తం పరీక్షించినట్టు. జంబో (మామూలు కంటే పెద్ద) ఫ్రేములు వాడే స్టోరేజ్ నెట్‌వర్క్ అయితే, ముక్కలు చేయొద్దన్న బిట్ పెట్టి 8972 బైట్ల పింగ్ కూడా అదే జంటలతో కొట్టాలి. 28 బైట్ల హెడర్లు కలిస్తే అది 9000 అవుతుంది.

ఇదంతా పోయే దారి సంగతే. వచ్చే దారి అవతలి స్విచ్ హ్యాష్ చేతిలో ఉంటుంది. పోయిన కేబుల్ మీదే జవాబు రావాలని ఎక్కడా లేదు, రాకపోవడం మామూలే. అందుకే ఈ లెక్క అవతలి చివర నుంచి కూడా చేయాలి.

ఐపెర్ఫ్‌తో వేగం కొలిచేటప్పుడు ఎనిమిది సమాంతర స్ట్రీమ్‌లు పెట్టినా ఒక్క గిగాబిట్టే వస్తే కంగారు పడొద్దు. ఆ స్ట్రీమ్‌లన్నీ అవే రెండు మ్యాక్‌లు, అవే రెండు ఐపీల మధ్య నడుస్తాయి, తేడా ఉండేది పోర్టు నంబర్లలోనే. హ్యాష్ పోర్టు నంబర్లను చూడకపోతే అన్నీ ఒకే కేబుల్‌కు చేరతాయి. లినక్స్ బాండింగ్‌లో డిఫాల్ట్ విధానం లేయర్ 2, అంటే మ్యాక్‌లే చూస్తుంది. సర్వర్ ట్రాఫిక్ అంతా గేట్‌వే దాటి బయటికి పోయేదైతే గమ్యపు మ్యాక్ ఎప్పుడూ గేట్‌వేదే, అంతా ఒకే కేబుల్ మీద పడుతుంది. ఐపీలు, పోర్టు నంబర్లు చూసే లేయర్ 3+4కు మారిస్తే పంపకం మెరుగవుతుంది. స్విచ్ వైపు సోర్స్ మ్యాక్ మీద మాత్రమే హ్యాష్ ఉండి, ముందు రౌటర్ ఉంటే సరిగ్గా ఇదే చిక్కు అటువైపు నుంచి వస్తుంది.

మెంబర్ల సంఖ్య కూడా ప్రభావం చూపుతుంది. చాలా సిస్కో స్విచ్‌లు హ్యాష్‌ను 8 భాగాలుగా పంచుతాయి. రెండు, నాలుగు, ఎనిమిది మెంబర్లకు సమంగా పడతాయి. మూడు మెంబర్లుంటే 3, 3, 2గా పడతాయి, ఐదు ఉంటే 2, 2, 2, 1, 1గా పడతాయి. నాలుగుకు ఐదోది కలిపి సామర్థ్యం పెరిగిందనుకుంటే, మూడు లింకుల మీద మునుపటి బరువే ఉంటుంది, తేలికయ్యేవి మిగతావే.

కౌంటర్లు చదివేటప్పుడు మొత్తం ప్యాకెట్ల వరుస చూడొద్దు. ఖాళీగా ఉన్న మెంబర్ మీద కూడా ఎల్‌ఏసీపీ, ఎల్‌ఎల్‌డీపీ మల్టీకాస్ట్ పోతూనే ఉంటుంది కాబట్టి అంకె కదులుతూ మోసం చేస్తుంది. యూనీకాస్ట్ వరుస, ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు తీసి, తీసివేత చేసి చూడాలి. దాంతో పాటే సీఆర్‌సీ లోపాలు (దారిలో చెడిన ఫ్రేముల లెక్క). మొత్తం పోర్ట్-ఛానల్ మీద చూస్తే లోపాల శాతం తక్కువగా కనిపించి ఎవరూ పట్టించుకోరు. మెంబర్ల వారీగా చూస్తే అన్నీ ఒక్కదాని మీదే ఉంటాయి. ఫైబర్ అయితే ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్’లో అందుకున్న పవర్‌ను మెంబర్ల మధ్య పోల్చండి. 10 గిగాబిట్ ఎల్‌ఆర్ (దూరానికి వాడే) మాడ్యూల్‌కు సాధారణంగా కనిష్ఠ పరిమితి మైనస్ 14.4 డీబీఎం, ఎస్‌ఆర్‌కు (దగ్గరకు వాడేది) మైనస్ 9.9. ఒకే దారిన పోయే రెండు ఎల్‌ఆర్ లింకుల్లో ఒకటి మైనస్ 4, ఇంకోటి మైనస్ 13 చూపిస్తే రెండోది ఇవాళ పని చేస్తుంది, రేపటికి గ్యారంటీ లేదు. కనెక్టర్ తుడవాలి, లేదా ప్యాచ్ కార్డ్ మార్చాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అత్యవసరంగా కొన్న ప్యాచ్ కార్డ్ వాడినప్పుడు అది సింగిల్ మోడా, మల్టీ మోడా అన్నది రంగు చూసి కాకుండా తొడుగు మీది ముద్ర చదివి నిర్ధారించుకోండి.

పీకి చూడాలి

ఇంతవరకు చూసినవన్నీ స్విచ్ చెప్పే మాటలు. ఒక లింకు పోతే మిగతావి మోస్తాయా అన్నది పీకితేనే తెలుస్తుంది. మెంబర్ల వారీగా ఎంచుకున్న ఆ పింగ్ జంటలన్నీ నడుస్తుండగా ఒక్కో కేబుల్ తీయాలి, ఒక్కటి తీసి ఆగకూడదు. తీసినప్పుడు ఒకటి రెండు పింగ్‌లు పోతే సరే. తిరిగి పెట్టేటప్పుడు కళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోయేటప్పుడు బాగా నడిచి, తిరిగి చేరేటప్పుడు ట్రాఫిక్ పోగొట్టే పరికరాలు ఉంటాయి: ఒకవైపు పంపడం మొదలుపెడుతుంది, అవతలి వైపు అందుకోవడానికి ఇంకా సిద్ధం కాదు. సమ్మరీలో ‘డీ’ నుంచి ‘డబ్ల్యూ’ మీదుగా ‘పీ’కి వచ్చేదాకా పింగ్‌లు చూస్తూ ఉండాలి.

షట్ కొట్టడం, కేబుల్ పీకడం దాదాపు ఒకటే: రెండు చివర్లలోనూ లింక్ పడిపోతుంది, అందరికీ తెలుస్తుంది. లింక్ పడకుండా దారి మాత్రం తెగే సందర్భం దీనికంటే ప్రమాదం. మాదాపూర్ ఆఫీసుకూ ఉప్పల్ బ్రాంచికీ మధ్య మీడియా కన్వర్టర్లు (రాగి కేబుల్‌ను ఫైబర్‌కు మార్చే పెట్టెలు) ఉన్నాయనుకోండి, లేదా ఆపరేటర్ ఇచ్చిన లేయర్ 2 సర్క్యూట్ ఉందనుకోండి. స్తంభాల మీద వేలాడే ఫైబర్ తెగినా, రోడ్డు తవ్వకంలో పోయినా, లింక్ ఫాల్ట్‌ను ముందుకు చేరవేయని కన్వర్టర్ మీ స్విచ్‌కు సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది. స్టాటిక్ బండిల్ అయితే రెండు లింకుల్లో ఒకటి తెగినప్పుడు దాని వంతుకు పడ్డ ఫ్లోలన్నీ గాల్లో కలిసిపోతాయి, ఎవరో చేత్తో షట్ కొట్టేదాకా అంతే. ఎల్‌ఏసీపీ ఉంటే 90 సెకన్లకో 3 సెకన్లకో బయటపడుతుంది. దీన్ని పరీక్షించాలంటే మీ స్విచ్ కేబుల్ పీకితే లాభం లేదు, కన్వర్టర్ అవతలి వైపు ఫైబర్ తీయాలి.

ఆపరేటర్ సర్క్యూట్‌లో ఇంకో మెలిక ఉంది. ఎల్‌ఏసీపీ సందేశాలు వెళ్లే గమ్యం 01-80-సీ2-00-00-02. మామూలు స్విచ్‌లు ఈ శ్రేణి అడ్రసులను ముందుకు పంపవు, అక్కడే ఆపేస్తాయి. ఆపరేటర్ తన వైపు లేయర్ 2 ప్రోటోకాల్ టన్నెలింగ్ పెడితేనే అవి అవతలికి చేరతాయి. ఇది ఆర్డర్ ఇచ్చేటప్పుడే రాతపూర్వకంగా అడగాల్సిన సంగతి, చేంజ్ విండోలో అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు.

స్టాక్ అయితే ఒక యూనిట్ పవర్ తీసి చూడాలి. మెంబర్లు రెండు యూనిట్ల మీద పరుచుకుని లేకపోతే ఆ క్షణంలోనే తెలుస్తుంది. వీపీసీలో ముందు ‘షో వీపీసీ కన్సిస్టెన్సీ-పారామీటర్స్’ చదవండి. టైప్ 1 (రెండు స్విచ్‌లలో తప్పక ఒకటే ఉండాల్సిన సెట్టింగులు) కింద తేడా ఉంటే పవర్ పరీక్ష దాకా వెళ్లాల్సిన పనే లేదు.

మిన్-లింక్స్ (కనీసం ఎన్ని మెంబర్లు ఉండాలో చెప్పేది) అనే ఆప్షన్ కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. నాలుగు 10 గిగాబిట్ లింకుల్లో ఒక్కటే మిగిలినప్పుడు అది నలిగిపోవడం కంటే, బండిల్‌ను దించేసి ట్రాఫిక్‌ను వేరే దారికి మళ్లించడం మేలు కావచ్చు. వేరే దారి ఉంటేనే. లేనిచోట మిన్-లింక్స్ 2 పెడితే, మిగిలిన ఆ ఒక్క లింకునూ మనమే కోసుకున్నట్టు.

సర్వర్ పోర్టులను కొత్తగా ఎల్‌ఏసీపీకి మార్చినప్పుడు మరిచిపోయేది పీఎక్స్‌ఈ బూట్ (నెట్‌వర్క్ నుంచి సర్వర్‌ను లేపడం). ఆపరేటింగ్ సిస్టమ్ లేని సర్వర్‌కు ఎల్‌ఏసీపీ రాదు కాబట్టి స్విచ్ పోర్టును సస్పెండ్ చేస్తుంది, ఇన్‌స్టాలేషన్ మొదలే కాదు. అరిస్టాలో ఎల్‌ఏసీపీ ఫాల్‌బ్యాక్, జూనిపర్‌లో ఫోర్స్-అప్, నెక్సస్‌లో ‘నో ఎల్‌ఏసీపీ సస్పెండ్-ఇండివిడ్యువల్’ దీనికోసమే ఉన్నాయి.

టికెట్ మూసే ముందు

కాన్ఫిగ్ సేవ్ చేశారా? రన్నింగ్ (ఇప్పుడు నడిచేది), స్టార్టప్ (రీబూట్‌లో వచ్చేది) రెండూ పోల్చి చూడండి. మానిటరింగ్‌లో పోర్ట్-ఛానల్ ఒక్కదాన్నే గమనిస్తుంటే మెంబర్ పోయినా అలారం మోగదు. ప్రతి మెంబర్‌నూ విడిగా చేర్చాలి, లేదా పని చేస్తున్న మెంబర్ల సంఖ్య ఉండాల్సిన దానికంటే తగ్గితే మోగేలా పెట్టాలి. టికెట్‌కు మార్పుకు ముందు, తర్వాత తీసిన అవుట్‌పుట్‌లు రెండు చివర్లవీ జోడించండి. ఏ కేబుల్ ఎన్ని గంటలకు పీకారో, ఎన్ని పింగ్‌లు పోయాయో కూడా రాయండి.

పంపకం సంగతి మాత్రం ఆదివారం తేలదు. సోమవారం 11 నుంచి 12 మధ్య, అసలు లోడ్ ఉన్నప్పుడు, మెంబర్ల యూనీకాస్ట్ కౌంటర్ల తేడా మళ్లీ తీయాలి. నాలుగింటి మీద బరువు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే వదిలేయండి, హ్యాష్ ఎప్పుడూ సమానంగా పంచదు. ఒకటి నిండిపోయి డ్రాప్‌లు పడుతూ పక్కది ఖాళీగా ఉంటేనే హ్యాష్ విధానం మార్చడం గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా వెంటనే కొట్టేయకండి: చాలా క్యాటలిస్ట్‌లలో ఆ కమాండ్ గ్లోబల్, ఒక్క పోర్ట్-ఛానల్‌కు పరిమితం కాదు, ఆ స్విచ్ మీదున్న బండిల్స్ అన్నింటి పంపకమూ ఒకేసారి మారిపోతుంది. అది ఇంకో టికెట్, ఇంకో ఆదివారం.